జారిపోతున్న కుడి ఇయర్‌బడ్: ఒక కేసు పూర్తి వివరాలు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఈఎన్‌టీ క్లినిక్‌లో ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. వినికిడి పరీక్షలు చేయడం, హియరింగ్ ఎయిడ్లు అమర్చడం, వాటిని శుభ్రం చేసి ఇవ్వడం నా రోజువారీ పని. కొన్నేళ్ళుగా దీనికి ఇంకో పని తోడైంది. ఈ చుట్టుపక్కల ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ళు "ఇయర్‌బడ్ చెవిలో నిలవట్లేదండీ" అంటూ వస్తున్నారు. వచ్చేసరికే టిప్ (చెవిలో దూరే చివర ఉండే మెత్తటి తొడుగు) చిన్నది, పెద్దది అన్నీ మార్చి చూసేసి ఉంటారు. కొందరు కొత్త ఇయర్‌బడ్లు కూడా కొనేసి ఉంటారు. టిప్ తీసి కడిగారా అని అడిగితే మాత్రం చాలామంది "అది ఊడొస్తుందా?" అంటారు.

ఈ కేసు ఎంచుకోవడానికి కారణం, జారడం వెనక సాధారణంగా ఉండే కారణాలన్నీ ఒకే చెవిలో కనబడ్డాయి. పేషెంట్ అనుమతి తీసుకున్నాను, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇయర్‌బడ్ల కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. సిలికాన్ టిప్ ఉన్న ఏ ఇయర్‌బడ్‌కైనా ఇదే వర్తిస్తుంది.

ఆయన చెప్పింది

ముప్పై దాటిన వయసు, సొంతూరు అనంతపురం వైపు. ఇందిరానగర్‌లో కాపురం, కుందలహళ్ళిలో ఆఫీసు, పర్పుల్ లైన్ మెట్రోలో రాకపోకలు. రోజులో సగం కాల్స్‌లోనే గడుస్తుంది.

"మేడం, ఎడమది బానే ఉంటుంది. కుడిదే జారిపోతోంది. మాట్లాడుతుంటే మెల్లగా బయటికొచ్చేస్తుంది. ఒకసారి మెట్రో దిగేటప్పుడు ప్లాట్‌ఫారం మీద పడిపోయింది. దొరికింది కాబట్టి సరిపోయింది."

ఇంకో రెండు ఫిర్యాదులు కూడా చెప్పారు. మొదటిది, మెట్రోలో నాయిస్ క్యాన్సలింగ్ (బయటి శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు) ఇదివరకటిలా పనిచేయడం లేదు, ముఖ్యంగా కుడివైపు. రెండోది, కుడిచెవి దురద. ఇయర్‌బడ్ పాడైందని ఆయన అనుమానం. సర్వీస్ సెంటర్‌కి వెళ్ళబోతూ, చెవి నొప్పి మొదలవడంతో ముందు మా దగ్గరికి వచ్చారు.

ఆయనతోపాటు వాళ్ళమ్మగారు కూడా వచ్చారు. ఈ కేసులో అసలు సంగతి ఆవిడ నోటి నుంచే బయటపడింది. చెవిలో ఏమైనా వేస్తుంటారా అని నేను అడిగితే ఆయన లేదన్నారు. ఆవిడ వెంటనే అందుకున్నారు. "ఏం లేదురా? ఆదివారం తలకు నూనె పెట్టేటప్పుడు చెవులో రెండు చుక్కలు వేస్తాం కదా! దురద అంటాడమ్మా, అందుకే కుడిచెవిలో ఇంకో చుక్క ఎక్కువే వేస్తా. చిన్నప్పట్నుంచీ వేస్తానే ఉండాం."

ఆయన దాన్ని మందుగా లెక్కేయలేదు కాబట్టి చెప్పలేదు. అందుకే మన తెలుగు పేషెంట్లను "మందేమైనా వేస్తున్నారా" అని అడగడం మానేశాను. "తలంటు ఎప్పుడు పోసుకుంటారు, చెవుల్లో నూనె పడుతుందా" అని నేరుగా అడుగుతాను.

ఇంకో విషయం కూడా అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఆఫీసులో పక్కవాళ్ళ మాట వినబడాలని కాల్స్‌లో కుడిదొక్కటే పెట్టుకుంటారు, ఎడమది ఛార్జింగ్ కేసు పెట్టెలోనే ఉంటుంది. అంటే కుడిది వాడకంలో ఎడమదానికి ఎన్నో రెట్లు ముందుంది. ఒకవైపే ఎందుకు జారుతోందన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

చెవిలో కనబడింది

పెద్దవాళ్ళలో చెవి కాలువ పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. అందులో బయటి మూడోవంతు మృదులాస్థి, లోపలిది ఎముక. గులిమిని తయారుచేసే గ్రంథులు, వెంట్రుకలు ఆ బయటి భాగంలోనే ఉంటాయి. ఇయర్‌బడ్ టిప్ కూర్చునేది కూడా సరిగ్గా అక్కడే. చెవి చర్మం లోపలి నుంచి బయటికి మెల్లగా జరుగుతూ గులిమిని తనతోపాటు తీసుకొస్తుంది, దవడ కదలిక దానికి సాయపడుతుంది. రోజంతా టిప్ అడ్డుగా ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. బయటికి రావాల్సింది టిప్‌కి అంటుకుంటుంది, లేదా మళ్ళీ లోపలికి వెళ్తుంది.

చెవి లోపల చూసే పరికరం ఓటోస్కోప్‌లో ఎడమచెవి శుభ్రంగా ఉంది. కుడిచెవి కాలువ గోడలు నూనెతో మెరుస్తున్నాయి. మెత్తటి గులిమి ఒకవైపు పూసినట్టు ఉంది, పూర్తిగా అడ్డుపడలేదు. కాలువ మొదట్లో చర్మం ఎర్రగా కందింది, ఒకచోట టిప్ అంచు ఒత్తుకున్న గీత కనబడింది. మా డాక్టరుగారు కూడా చూసి ఫంగస్ లేదని చెప్పారు. దురద అన్నప్పుడు అది చూడకుండా వదలకూడదు. తేమ నిలిచే చెవిలో ఫంగస్ సులభంగా పెరుగుతుంది, ఉంటే దానికి చికిత్స వేరు. ఆ తర్వాత ఆయనే సక్షన్‌తో కుడిచెవి శుభ్రం చేశారు.

వినికిడి పరీక్షలో రెండు చెవులూ మామూలుగా ఉన్నాయి, కర్ణభేరి కదలిక కూడా బాగుంది. అంటే కుడివైపు తక్కువ వినబడటానికి చెవి కారణం కాదు.

ఇయర్‌బడ్‌లో కనబడింది

ఇయర్‌బడ్లు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టాను. పైకి చూస్తే రెండూ శుభ్రంగానే ఉన్నాయి. ఆయన రోజూ చొక్కా అంచుతో తుడుస్తారట. కుడిదాని టిప్ ఊడదీసి భూతద్దం కింద పెట్టాక అసలు పరిస్థితి తెలిసింది.

టిప్ కింద నాజిల్ (శబ్దం బయటికొచ్చే చిన్న గొట్టం) మెడ చుట్టూ ఒక గాడి ఉంటుంది, టిప్ బిగుసుకునేది ఆ గాడిలోనే. అది నిండా పసుపు-గోధుమ రంగు జిడ్డు ఉంగరంలా పేరుకుంది. టూత్‌పిక్‌తో తాకితే మైనంలా సాగింది. టిప్‌ని గొడుగులా వెనక్కి తిప్పి చూస్తే లోపలి మడతలో అదే జిడ్డు, దానికి రెండు సన్న వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. టిప్ రంధ్రం కొంచెం సాగిపోయింది, నాజిల్ మీద వేలితో తిప్పితే ఆగకుండా గిర్రున తిరుగుతోంది. ఎడమదాని టిప్ అలా తిరగలేదు. నాజిల్ చివర ఉండే సన్నటి జల్లెడ, అంటే మెష్ మీద సగం దాకా గులిమి పొర ఉంది. పక్కనున్న గాలి రంధ్రం మూసుకుపోలేదు.

అంటే చొక్కా అంచు తగిలే చోటంతా శుభ్రంగా ఉంది. పట్టు ఇవ్వాల్సిన రెండు చోట్లలోనూ, అంటే చర్మానికీ సిలికాన్‌కీ మధ్య, సిలికాన్‌కీ నాజిల్‌కీ మధ్య, జిడ్డు చేరింది. రెండోదాన్ని నేను ఎక్కువ సీరియస్‌గా తీసుకుంటాను. ఇయర్‌బడ్ బయటికి లాగినప్పుడు టిప్ చెవిలోనే ఉండిపోయి మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళు ఉన్నారు. అలా జరిగితే పిన్నుతో, పట్టకారుతో ఇంట్లో ప్రయత్నించకండి. దాన్ని లోపలికి నెట్టడం ఎంత తేలికో, బయటికి తీయడం అంత కష్టం. నేరుగా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి.

కారణం విడదీయడం

అనుమానించాల్సినవి నాలుగు ఉన్నాయి: టిప్ సైజు, పెట్టుకునే తీరు, దవడ కదలిక, జిడ్డు. ఆయన మీడియం నుంచి లార్జ్‌కి మారి చాలాకాలమైంది. పెద్దదైతే బిగుతుగా ఉంటుందని అందరూ అనుకుంటారు. చెవికి మించిన టిప్ లోపల మడతపడుతుంది, ఆ మడత దగ్గర సందు ఏర్పడుతుంది. పైగా వెనక్కి తోసుకొస్తూ ఉంటుంది కాబట్టి ఆయన దాన్ని లోపలికి నొక్కుతూనే ఉన్నారు. చర్మం మీద గీత, ఎరుపు, నొప్పి అందువల్లే వచ్చాయి.

జిడ్డు సంగతి తేల్చడానికి ఒక చిన్న పరీక్ష చేశాను. చెవి శుభ్రం చేయకముందే కొత్త మీడియం టిప్ తొడిగి కుడిచెవిలో పెట్టించాను. అంకెలు గట్టిగా చదవమన్నాను, తల అటూ ఇటూ తిప్పమన్నాను. కొత్త టిప్ కూడా జారింది. సక్షన్ అయ్యి, చెవి ఆరాక, ఆయన పాత మీడియం టిప్‌ని కడగకుండా పెట్టించాను. అది కూడా మెల్లగా బయటికొచ్చింది. అదే పాత టిప్‌ని సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పొడిచెవిలో పెట్టాక నిలిచింది. అంకెలు చదివినా, తల విదిలించినా కదల్లేదు. అదే సైజు, అదే చెవి. రెండు వైపుల్లో ఒకవైపు జిడ్డున్నా చాలు, జారుతుంది. టిప్ ఒక్కటే కడిగి లాభం లేదనడానికి ఇదే కారణం.

శబ్దం సంగతి కూడా అక్కడే తేలింది. టిప్ గాలి దూరకుండా అతుక్కుంటేనే చెవిలో బేస్, అంటే బొంగురు కింది స్వరాలు, నిలుస్తుంది. సన్న సందు ఏర్పడితే ముందు పోయేది బేసే. మెట్రో గుర్రుమనే శబ్దం కూడా అదే కింది స్వరాల్లో ఉంటుంది. నాయిస్ క్యాన్సలింగ్ బాగా పనిచేసేది ఆ స్వరాల మీదే, అది కూడా టిప్ అతుక్కుని ఉంటేనే. కాబట్టి "క్యాన్సలింగ్ పోయింది" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ సందే. మెష్ మూసుకుపోతే ఫిర్యాదు ఇంకోలా ఉంటుంది. శబ్దం మొత్తంగా తగ్గుతుంది, స, ష లాంటి అక్షరాలు మొద్దుబారతాయి, అవతలివాళ్ళు దుప్పటి ముసుగులోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఈయనకు రెండూ ఉన్నాయి. ఇంట్లో మీరు కూడా ఇలా చూసుకోవచ్చు. పాట పెట్టుకుని టిప్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే పట్టు లేదని అర్థం. నొక్కినా మార్పు లేక, ఎడమ కుడి మార్చి పెట్టుకున్నా అదే బడ్‌లో తక్కువ వినబడితే మెష్ చూడాలి.

ఈ సందును ఆయన వాల్యూమ్ పెంచి సరిపెట్టుకుంటున్నారు. నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) కలిసి ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటల దాకా వినడం సురక్షితం. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5 మాత్రమే. రోజులో సగం కాల్స్‌లో గడిపే మనిషికి ఆ పరిమితి వారం మధ్యలోనే దాటిపోవచ్చు. ఈయన వినికిడి ఇంకా బాగానే ఉంది కాబట్టి సమయానికే వచ్చారని చెప్పాను.

దురద కథ కూడా ఇందులోనే ఉంది. చెవికి మించిన టిప్ ఒరిపిడితో చర్మం కందింది, దురద పుట్టింది, దురదకి నూనె పడింది, నూనెకి టిప్ జారింది, జారినందుకు ఇంకా గట్టిగా నొక్కారు. ఎక్కడో ఒకచోట ఆపితే తప్ప ఇది తిరుగుతూనే ఉంటుంది.

శుభ్రం చేసిన తీరు

ముందు టిప్ ఊడదీయాలి. గోళ్ళతో అంచు పట్టి లాగితే చిరుగుతుంది. టిప్ మొదలు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని కాస్త తిప్పుతూ లాగాలి. గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఒక్క చుక్క బేబీ షాంపూ కలిపాను. టిప్‌ని లోపలివైపు బయటికి తిప్పి, మడతల్లో వేలికొసతో రుద్దాను. కడిగాక రెండు వేళ్ళ మధ్య నలిపితే జారకుండా కిచకిచమనాలి, అంతవరకు రుద్దాలి. తర్వాత ధారగా మంచినీళ్ళతో కడిగి, పీచు రాలని గుడ్డ మీద ఆరబెట్టాను. సబ్బు పొర మిగిలితే అది కూడా జారేలా చేస్తుంది, చర్మాన్ని కూడా మండిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీ మోడల్‌తో వచ్చిన కాగితం ఏమంటుందో చూసుకోండి. ఆపిల్ తన టిప్స్‌ని సబ్బు లేకుండా నీళ్ళతోనే కడగమంటుంది. స్పాంజిలాంటి ఫోమ్ టిప్స్‌కి అయితే సబ్బు, స్పిరిట్ రెండూ వద్దు. అవి పీల్చుకుని, ఆరక, పాడవుతాయి. వాటిని పొడిగుడ్డతో తుడవడం, పట్టు పోయాక మార్చడం తప్ప వేరే దారి లేదు.

ఇయర్‌బడ్‌ని మాత్రం నీళ్ళ కింద పెట్టకూడదు. చెమటకు తట్టుకుంటుందని రాసి ఉన్నా అది కుళాయి కింద కడగడానికి అనుమతి కాదు. నాజిల్ మెడలోని జిడ్డుని ముందు టూత్‌పిక్ మొద్దుకొసకి గుడ్డ చుట్టి తీశాను. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (ఒక రకం స్పిరిట్) కొద్దిగా తడిపిన గుడ్డతో గాడి చుట్టూ తుడిచాను. గుడ్డ పిండితే చుక్క రాకూడదు, అంత మాత్రమే తడి ఉండాలి. మెష్‌కి అది తగలనివ్వలేదు.

మెష్ కోసం ఇయర్‌బడ్‌ని తలకిందులుగా పట్టుకుని, పిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో పొడిగా, కింది నుంచి తేలిగ్గా దులిపాను. రాలింది కిందికి పడాలి, లోపలికి పోకూడదు. మిగిలిన పొరని గోడకు పోస్టర్లు అంటించే మెత్తటి బంకముద్దతో మెల్లగా అద్ది తీశాను. ముద్దని నొక్కి పెడితే అదే రంధ్రాల్లో ఇరుక్కుంటుంది కాబట్టి తాకించి తీసేయడమే. గట్టిపడిన గులిమికి ఆపిల్ తన కొన్ని ఎయిర్‌పాడ్స్ మోడళ్ళకి మైసెల్లార్ వాటర్ (మేకప్ తుడిచే నీళ్ళు), మెత్తటి బ్రష్ వాడమంటుంది, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో అదే పని చేసి ఆరబెట్టమంటుంది. వేరే కంపెనీ వాటికి ఆ పద్ధతి నేను చెప్పను. పిన్ను, సూది, సేఫ్టీపిన్ దేనికీ వద్దు. నోటితో ఊదడం కూడా మానాలి, తేమతో సహా అంతా లోపలికి పోతుంది.

ఛార్జింగ్ కేసు గుంటలో కూడా అదే జిడ్డు ఉంది. శుభ్రమైన టిప్‌ని జిడ్డు గుంటలో పెడితే మళ్ళీ మొదటికే వస్తుంది. పొడి గుడ్డతో, పొడి దూదిపుల్లతో తుడిచాను. దూదిపుల్లకి సరైన చోటు అదే, చెవి కాదు. అన్నీ పూర్తిగా ఆరాకే టిప్స్ తొడిగి కేసులో పెట్టాం.

సాగిపోయిన కుడి లార్జ్ టిప్ పారేయించాను. రంధ్రం సాగిన టిప్ ఎంత కడిగినా నాజిల్‌ని పట్టదు. కుడికి మీడియం, ఎడమకి స్మాల్ సరిపోయాయి. రెండు చెవులకి రెండు సైజులా అని ఆయన ఆశ్చర్యపోయారు. చాలామందికి అంతే, రెండు కాలువలు అచ్చంగా ఒకేలా ఉండవు. పెట్టుకునేటప్పుడు ఎదుటిచేత్తో చెవిని కాస్త పైకి, వెనక్కి లాగి, టిప్‌ని లోపలికి పెట్టి కొద్దిగా తిప్పి, చెవిని వదిలేయమని చూపించాను. కాలువ వంపు అలా కొంత సరళమవుతుంది, నొక్కాల్సిన అవసరం ఉండదు.

నూనె గురించి

అమ్మగారితో మాట్లాడటమే ఈ కేసులో ముఖ్యమైన చికిత్స. నూనె తప్పని చెప్పి ఊరుకుంటే ఇంటికెళ్ళాక ఏమీ మారదు. "తలకు శుభ్రంగా పెట్టండమ్మా, దానికేం అభ్యంతరం లేదు. చెవిలో మాత్రం వద్దు. తల అంటేటప్పుడు చెవి రంధ్రంలో చిన్న దూది ఉండ పెట్టి, అయ్యాక తీసేయండి" అన్నాను.

"వేయకపోతే చెవి ఎండిపోదా అమ్మా?" అని అడిగారు.

చెవికి కావాల్సిన నూనె గులిమి రూపంలో చెవే తయారుచేసుకుంటుందని, దుమ్ముని, నీటిని, క్రిములని అదే ఆపుతుందని చెప్పాను. అబ్బాయి చెవిలోని నూనెమెరుపు ఓటోస్కోప్ కెమెరాలో ఆవిడకి చూపించాను. ఆవిడ తెర వంక కాసేపు చూసి, "సరేమ్మా, దూదే పెడతా" అన్నారు.

తలస్నానం చేసిన వెంటనే ఇయర్‌బడ్ పెట్టొద్దని ఆయనకి చెప్పాను. తల ఒకవైపు వంచి నీళ్ళు పోనిచ్చి, తువ్వాలు అంచుతో బయటి చెవి మాత్రమే తుడిచి, చెవి ఆరాక పెట్టుకోవాలి. సన్‌స్క్రీన్, హెయిర్ సీరం కూడా చెవి గుంట దాకా పూసుకుంటే ఇదే పని చేస్తాయి. టిప్స్ వారానికోసారి, తలంటు రోజునే కడుక్కోమన్నాను. మరిచిపోయే అవకాశం తక్కువ.

తర్వాత

చర్మం ఎరుపు తగ్గేదాకా కుడిచెవిలో ఏమీ పెట్టవద్దన్నాం. డాక్టరుగారు పూత మందు రాశారు. ఆ కొద్దిరోజులూ కాల్స్‌కి ఆయన ఎడమది వాడారు, తర్వాత నుంచి రెండూ మార్చి మార్చి వాడుతున్నారు.

నెల దాటాక మళ్ళీ వచ్చారు. కుడిచెవి కాలువ మామూలు రంగులోకి వచ్చింది, మెరుపు లేదు, దురద లేదు. టిప్ ఊడదీసి చూస్తే గాడి శుభ్రంగా ఉంది, వేలితో తిప్పితే టిప్ తిరగలేదు. వాల్యూమ్ కూడా ముందుకన్నా చాలా తక్కువలో పెట్టుకుంటున్నారు. మెట్రోలో సైతం పెంచాల్సి రావడం లేదన్నారు.

ఒక్కటి మాత్రం పూర్తిగా తీరలేదు. తింటున్నప్పుడు కుడిది ఇప్పటికీ వదులవుతుంది. నోరు తెరిచి మూయించి కాలువలోకి చూశాను. దవడ కీలు కదిలినప్పుడల్లా ముందు గోడ బాగా కదులుతోంది, ఎడమలో అంత లేదు. శుభ్రం చేసినంత మాత్రాన పోయేది కాదిది. ఆ కదలికకి ఫోమ్ టిప్ మెరుగ్గా సర్దుకుంటుందని చెప్పాను. కడగడం కుదరదని, తరచూ మార్చాలని విన్నాక ఆయన వద్దన్నారు. భోజనం చేసేటప్పుడు కుడిది తీసి కేసులో పెట్టుకుంటున్నారు.